రంపం పళ్ళు ఎడం చేసిన ఎలుగుబంటి

అనగనగా అనగానే మీకు ఎండలో మెరిసే అడవి గుర్తొస్తుంది కదూ? ఈ కథలోది అలాంటి అడవి కాదు. ఇది వానల అడవి. ఏడాదిలో నాలుగు నెలలు ఆకాశానికి చిల్లు పడినట్టు కురుస్తూనే ఉండేది. మిగతా ఎనిమిది నెలలూ చెట్లు ఆ నీళ్ళు తాగి ఏపుగా పెరిగేవి.

ఆ అడవిలో, వాగు ఒడ్డున, ఒక ఎలుగుబంటికి కోతమిల్లు ఉండేది. దాని పేరు కొమరన్న. 'దాని' అన్నానా? తప్పు తప్పు. ఆయన పేరు కొమరన్న. అడవికంతటికీ పెద్దదిక్కు లాంటివాడు, మర్యాద ఇవ్వాలి.

గాలివానకు కూలిన చెట్లు, వయసు మీరి నిలువునా ఎండిపోయిన చెట్లు మాత్రమే ఆ మిల్లుకు వచ్చేవి. పచ్చని చెట్టును ముట్టుకోకూడదని అక్కడ కట్టుబాటు. ఏనుగులు దుంగలు ఈడ్చుకొచ్చేవి. రెండు అడవిదున్నలు గానుగ తిప్పినట్టు గుండ్రంగా తిరుగుతుంటే పెద్ద రంపం ఆడేది. ముళ్ళపంది సూరయ్య ఆ రంపానికి పదును పెట్టేవాడు. కొమరన్న పలకలు కోసి కుందేళ్ళకు తలుపులు, ఉడతలకు అటకలు, ముంగిసలకు పెట్టెలు చేసిచ్చేవాడు. అవి బదులుగా తేనె, దుంపలు, వెదురుబియ్యం తెచ్చి ఇచ్చేవి. మిల్లులో పనిచేసే అందరి కడుపూ దాంతోనే నిండేది.

కొమరన్న మంచివాడే. కాకపోతే ఆయనకు ఒక బలహీనత ఉంది. మొహమాటం! ఎవరైనా వచ్చి "నీ మేలు మరిచిపోం కొమరన్నా" అంటే చాలు, వెన్నలా కరిగిపోయేవాడు. ఆ మాట వినడానికి చెవి కోసుకునేవాడు. 'కాదు', 'లేదు' అనే మాటలు ఆయన నోటికి పలికేవే కావు.

ఇక ఆ మిల్లు కష్టాలు వినండి. మొదటిది తడి. పలకను ఆరనివ్వకుండా వాడితే వంకర తిరుగుతుంది, బూజు పడుతుంది. వానాకాలంలో ఎండే లేకపోతే పలక ఎలా ఆరుతుంది? అందుకని ఆ నాలుగు నెలలూ రంపం మూలన పడేది. దున్నలు, ముళ్ళపంది, కొమరన్న, అందరూ అర్ధాకలితో గడిపేవాళ్ళు.

రెండోది రంపంపొట్టు. దుంగ కోస్తే పలకలొక్కటే రావు కదా! పొట్టు రాలుతుంది, బెరడు ఊడుతుంది, అంచుల చెక్కలు మిగులుతాయి. అవన్నీ మిల్లు వెనక గుట్టలా పేరుకునేవి. వాన పడితే ఆ పొట్టు వాగులోకి కొట్టుకుపోయి చేపలకు ఊపిరాడేది కాదు. దాన్ని దూరంగా లోయలో పారబోయించడానికి కొమరన్న వారానికో కుండ తేనె ఏనుగులకు ఇచ్చుకునేవాడు. చెత్తను వదిలించుకోవడానికి తేనె ధారపోయడం! తేనె అంటే ఎలుగుబంటికి ఎంతిష్టమో మీకు వేరే చెప్పాలా?

ఒకరోజు కొమరన్న గుట్టను పారతో తోస్తుంటే లోపల్నుంచి సన్నని గొంతు వినిపించింది.

"మెల్లగా అన్నా! లోపల మేమున్నాం."

వంగి చూస్తే పేడపురుగు. పేరు ఉండలమ్మ. పిల్లలతో సహా పొట్టులో కాపురం పెట్టేసింది.

"ఈ చెత్తలో ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు కొమరన్న.

"చెత్త అని నువ్వంటున్నావు, నేననలేదు," అంది ఉండలమ్మ. "పైన ఇంత చలిగా ఉందా, లోపల ఎంత వెచ్చగా ఉందో తెలుసా? నీ చెయ్యి పెట్టి చూడు."

కొమరన్న మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. నిజమే. లోపల గోరువెచ్చగా ఉంది.

"ఊరికే పడి మగ్గుతుంటేనే ఇంత వేడి ఉందే, కాలిస్తే ఎంత ఉంటుందన్నా? ఆ వేడితో నీ పలకలు ఆరవా?"

కొమరన్న పార కింద పెట్టేశాడు. ఇన్నేళ్ళుగా తేనె పోసి మరీ లోయలో పారేస్తున్నది ఇదా అని నెత్తి కొట్టుకున్నాడు.

కాని అడవిలో మంట అంటే మాటలా? గట్టి మట్టిపొయ్యి కావాలి. నిప్పురవ్వ బయటికి రాకూడదు. అలాంటి గోడ కట్టగలిగేవాళ్ళు ఆ అడవిలో ఒక్కళ్ళే. చెదపురుగులు!

"వాళ్ళా! నా పలకలు తినేసేవాళ్ళు!" అన్నాడు కొమరన్న.

"ఆకలేసి తిన్నారు. బెరడు పెట్టు, పలకల జోలికి రారు," అంది ఉండలమ్మ.

జీవితమంతా చెదలను తరిమికొట్టినవాడు, ఆ రోజు పుట్ట ముందు నిలబడి చేతులు జోడించాడు. చెదలు నవ్వాయి. తర్వాత జాలిపడి వచ్చాయి. తొమ్మిది రోజుల్లో బాన కడుపులా గుండ్రని పొయ్యి కట్టిపెట్టాయి.

సూరయ్య తన కొలిమి నుంచి నిప్పు తెచ్చాడు. మొదటిసారి పచ్చిపొట్టు వేశారు. మంట రాలేదు, పొగ వచ్చింది. అందరి కళ్ళూ చింతనిప్పులయ్యాయి. రెండోసారి పొడిపొట్టు బుట్టెడు ఒక్కసారే కుమ్మరించారు. భగ్గుమని లేచి సూరయ్య మీసాలు కాల్చేసింది. నవ్వకండి, పాపం ఆయనకు అవి తిరిగి రావడానికి ఏడాది పట్టింది. మూడోసారి కింద అంచుచెక్కలు పేర్చి, పైన బెరడు వేసి, పొయ్యి పక్కనే ఆరబెట్టిన పొట్టును గుప్పెడు గుప్పెడుగా చల్లారు. మంట నిలకడగా లేచింది.

పొయ్యి మీద పెద్ద బానలో నీళ్ళు మరిగాయి. ఆవిరి మట్టిగొట్టంలోంచి బుస్సుమని వచ్చి, కొమరన్న దాని ముందు బిగించిన ఒక చెక్క చక్రాన్ని తిప్పింది. ఆ చక్రం రంపాన్ని ఆడించింది. అక్కడితో అయిపోలేదు. చక్రం తిప్పి అలిసిన ఆవిరిలో ఇంకా బోలెడు వేడి ఉంది. దాన్ని పలకలు పేర్చిన గదిలోకి మళ్ళించారు. మూడు రోజుల్లో పలకలు గలగలమనేలా ఆరిపోయాయి. అంటే ఏమిటన్నమాట? గుప్పెడు పొట్టుతో రెండు పనులు.

అడవిదున్నలు కాడి దించుకుని ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్దదున్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎన్నేళ్ళయిందో మెడ నిటారుగా ఎత్తి" అంది.

ఆ ఏడాది వానాకాలంలో మొట్టమొదటిసారి మిల్లు ఆగలేదు. ఎవరూ పస్తు పడుకోలేదు. వాగులో చేపలు తేటనీళ్ళల్లో తిరిగాయి. కొమరన్న ఉండలమ్మను అరచేతిలోకి తీసుకుని, "తల్లీ, నీ రుణం ఎలా తీర్చుకోను?" అన్నాడు.

"నాకేం వద్దన్నా. ఒక్క మాట గుర్తుపెట్టుకో. పొట్టు ఎంత రాలితే పొయ్యి అంత. పొయ్యి కోసం కోత కాదు, కోత కోసం పొయ్యి," అంది ఉండలమ్మ.

"అంత తెలియనివాణ్ణా?" అన్నాడు కొమరన్న.

ఆ తర్వాతి చలికాలం చుక్కలలేడి చుక్కమ్మ మిల్లుకు వచ్చింది. వాగు మధ్య లంకలో ఆమె మంద ఉంటుంది. అక్కడ గడ్డి మెత్తగా ఉంటుందని లేళ్ళు అక్కడే ఈనుతాయి. కాని వరద వస్తే లంక మునుగుతుంది. పెద్దలేళ్ళు ఈదగలవు, కూనలు ఈదలేవు. కిందటేడు రెండు కూనలు కొట్టుకుపోయాయి.

"అరవై పలకలు కావాలన్నా. వచ్చే వానలు ముదిరేలోగా వంతెన వేసుకోవాలి," అంది చుక్కమ్మ.

"నిక్షేపంగా ఇస్తాను. ఇప్పుడు మా పలకలు వానలోనూ ఆరుతాయి తల్లీ!" అన్నాడు కొమరన్న. చుక్కమ్మ ఆయన చెయ్యి నాకి వెళ్ళింది.

అప్పటికి మిల్లు ముందు దుంగలు గుట్టగా ఉన్నాయి. తొందర లేదు.

వారం తిరక్కుండా కొండ మీది నుంచి కొండముచ్చు లింగప్ప దిగివచ్చాడు. "కొమరన్నా, పైన మంచుకు మా ముసలాళ్ళ కీళ్ళు పట్టేస్తున్నాయి. నీ మిల్లులో వేడినీళ్ళు మిగులుతున్నాయట కదా. కొండ కిందిదాకా వెదురుగొట్టాలు మేం వేసుకుంటాం. నీకు పనసపళ్ళు మోసుకొస్తాం," అన్నాడు.

వేడినీళ్ళు నిజంగానే కొంచెం మిగులుతున్నాయి. ఇచ్చాడు. ముసలి కొండముచ్చులు కొండ దిగివచ్చి వేడినీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, "నీ మేలు మరిచిపోం కొమరన్నా!" అని అక్కణ్ణుంచే కేకలు పెట్టాయి. కొమరన్న ఒళ్ళు పులకరించింది.

ఆ కేకలు అడవిపందుల చెవిన పడ్డాయి. వాళ్ళ పిల్లలకు చలి. వాళ్ళకూ ఒక గొట్టం కావాలన్నారు. పొట్టు సరిపోదని కొమరన్నకు తెలుసు. నోరు తెరిచి చెప్పాలనుకున్నాడు. పందిపిల్లలు తొమ్మిదీ వరసగా నిలబడి ఆయన్నే చూస్తున్నాయి. "సరే" అనేశాడు.

సరే అన్నాడు, మరి పొట్టు? సాయంత్రం సూరయ్య దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "సూరయ్యా, రంపం పళ్ళు కాస్త ఎడంగా వంచు," అన్నాడు.

సూరయ్య చేతిలో ఆకురాయి ఆగిపోయింది. మీకు తెలియదేమో, రంపం పళ్ళు ఎంత ఎడంగా ఉంటే కోత అంత వెడల్పుగా పడుతుంది. వెడల్పు కోతకు పొట్టు ఎక్కువ రాలుతుంది, పలకలు తగ్గుతాయి.

"కోత వెంట్రుకలా పోవాలని పుట్టిందగ్గర్నుంచీ ఆకురాయి పట్టినవాణ్ణి. పొట్టు కోసం కోయమంటున్నావా పెద్దాయనా?"

"కొంచెమే సూరయ్యా. పిల్లలకు చలట."

సూరయ్య రంపం దించాడు. పళ్ళు వంచాడు. ఎనిమిది పలకలిచ్చే దుంగ ఆరు ఇచ్చింది. పొయ్యికి మాత్రం కడుపునిండా మేత దొరికింది. పందులు ముట్టెలెత్తి "నీ మేలు మరిచిపోం!" అన్నాయి.

మూడోసారి ఎవరొచ్చారో చెప్పుకోండి చూద్దాం. నెమళ్ళు! మంచుకు తోకలు తడిసి ముద్దవుతున్నాయట, ఆరబెట్టుకోవడానికి ఒక వెచ్చని గది కావాలట. ఉండలమ్మ అప్పుడు అక్కడే ఉంది. "అన్నా, వద్దు," అంది. కొమరన్న విననట్టు పక్కకు తిరిగాడు. "పాపం, అంత అందమైన తోకలు," అని గొణిగాడు.

ఈసారి దుంగకు అంచులు మందంగా చెక్కడం మొదలుపెట్టాడు. మంచి కలప అంచుచెక్కల్లో కలిసి పొయ్యిలోకి పోయింది. దుంగకు నాలుగు పలకలే వచ్చాయి. దుంగల గుట్ట తరగడం మొదలైంది. కొమరన్న అటు చూడటం మానేశాడు. ఆయన చూపంతా కేకలు వినిపించే వైపే.

ఆషాఢం వచ్చింది. కొండల వెనక నల్లమబ్బు పేరుకుంది. తడిగాలి మొదలైన నాడు చుక్కమ్మ మందతో వచ్చి నిలబడింది. వెనకాల ఐదు కూనలు, కాళ్ళు ఇంకా సరిగా నిలవనివి.

"పలకలకు వచ్చామన్నా."

కొమరన్న పలకలు ఆరబెట్టే గదిలోకి వెళ్ళి లెక్కపెట్టాడు. ముప్పయ్యారు. మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పయ్యారే. బయటికి పరుగెత్తి దుంగల గుట్ట చూశాడు. మూడే మూడు దుంగలు. నాలుగేసి లెక్కన కోస్తే వచ్చేవి పన్నెండు. అరవైకి ఇంకా పన్నెండు తక్కువ. ఇక మీదట ఏనుగులు కొత్త దుంగలు తేవాలంటే వానలు తగ్గాలి.

దుంగలు పుచ్చిపోయాయని అందామా? ఏనుగులు సరిగా తేలేదని అందామా? రెండు అబద్ధాలూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఈలోగా ఒక కూన తడబడుతూ వచ్చి, వెచ్చగా ఉందని ఆయన కాలికి ఒళ్ళు ఆనించి నిలబడింది.

కొమరన్న అబద్ధం ఆడలేకపోయాడు.

"చుక్కమ్మా, నీ వంతెన పలకలు నేనే కాల్చేశాను. నెమలితోకలు ఆరబెట్టాను," అన్నాడు.

చుక్కమ్మ అరవలేదు, తిట్టలేదు. మబ్బువైపు చూసి, "ఎన్ని రోజులుంది మనకు?" అంది.

ఆ 'మనకు' అన్న మాట ఆయన గుండెల్లో గుచ్చుకుంది. అంత తప్పు చేసినా ఆమె తనను వేరు చేయలేదు.

"మహా అయితే ఐదు రోజులు," అన్నాడు కొమరన్న. సూరయ్యను కేకేశాడు. "సూరయ్యా, పళ్ళు దగ్గరకు వంచు. నీకు చేతనైనంత సన్నగా. మూడు దుంగల్లో ఇరవైనాలుగు పలకలు రావాలి."

"నువ్వా మాట ఎప్పుడంటావా అని కాచుక్కూచున్నాను," అన్నాడు సూరయ్య, ఆకురాయి చేతిలోకి తీసుకుంటూ.

మరి సన్నకోతకు పొట్టు తక్కువ కదా, పలకలు ఆరబెట్టడానికి మంట ఎలా? అందుకని కొమరన్న తన జీవితంలో చేయని పని చేశాడు. కొండెక్కి లింగప్ప ముందు నిలబడ్డాడు.

"లింగప్పా, రేపటి నుంచి వేడినీళ్ళు లేవు. మీ అందరికీ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ ఇచ్చాను. ఇస్తూ ఆ లేళ్ళకు అన్యాయం చేశాను."

తిడతాడనుకున్నాడు. లింగప్ప గడ్డం గోక్కున్నాడు. "నువ్విస్తున్నది మిగిలిన వేడి అనుకున్నామే! మా కోసం మంచి చెక్క కాలుస్తున్నావని ఒక్క మాట చెప్పి ఉంటే, ఎండుకంప మేమే తెచ్చుకునేవాళ్ళం కదయ్యా. కొండంతా మేతకూ నీడకూ పనికిరాని ఎండిన ముళ్ళకంప పరుచుకుని ఉంది."

కొమరన్న కొండంతా కలియజూశాడు. అడిగితే దొరికేదాన్ని అడగకుండా, చెప్పవలసినది చెప్పకుండా, ఇన్నాళ్ళూ మంచి కలప బూడిద చేశాడు.

పందులకూ నెమళ్ళకూ అదే మాట చెప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నానికే పందులు ముట్టెలతో కంపను వేళ్ళతో సహా పెకలించాయి. కొండముచ్చులు మోపులు కట్టి దొర్లించాయి. నెమళ్ళు తడిగా ఉన్న కంపను పరిచి, పురులు విప్పి, విసనకర్రల్లా విసిరి ఆరబెట్టాయి. తోకలకు ముళ్ళు గుచ్చుకున్నా ఒక్క నెమలీ మూలగలేదు. మిల్లు చుట్టూ జాతరలా ఉంది.

దుంగకు ఎనిమిది చొప్పున ఇరవైనాలుగు పలకలు దిగాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. చివరి పలక రంపం నుంచి విడిపోయినప్పుడు సూరయ్య దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. కొమరన్న మూడు రోజులు పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. పలకలు ఆరాయి. నాలుగో రోజు ఏనుగులు వాగులో రాతి దిమ్మెలు పాతాయి, ఎలుగుబంటి పలకలు పరిచి మేకులు దిగ్గొట్టాడు.

ఐదో రోజు పొద్దున్నే వరద వచ్చింది. వాగు ఎర్రగా, చెట్ల కొమ్మలు మోసుకుంటూ ఉరికింది. లంక అంచులు కరగడం మొదలైంది. చుక్కమ్మ ముందు నడిచింది. వెనక మంద. మందలో మధ్యన కూనలు. పలకల మీద చిన్నచిన్న గిట్టలు టకటకలాడాయి. కింద వరద హోరు, పైన వాన. అన్ని జంతువులూ ఒడ్డున నిలబడి చూస్తున్నాయి.

నాలుగు కూనలు దాటాయి. ఐదోది సగం వంతెన మీద ఆగిపోయింది. కింద నీళ్ళు చూసి కాళ్ళు బిగుసుకున్నాయి. కొమరన్న వంతెన మీదికి వెళ్ళాడు. వెళ్ళి ఎత్తుకోలేదు. దాని పక్కన నాలుగు కాళ్ళ మీద వంగి, "నన్ను మోస్తున్న పలక నిన్ను మోయదా? రా, నాతో పాటు నడువు," అన్నాడు. ఎలుగుబంటి బరువుకు పలక కొంచెం కూడా కిర్రుమనలేదు. కూన ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. ఒడ్డు చేరగానే తల్లి పొదుగు దగ్గరికి దూరిపోయింది.

"నీ మేలు మరిచిపోం కొమరన్నా," అంది చుక్కమ్మ.

కొమరన్న తల అడ్డంగా ఊపాడు. "నాకెందుకమ్మా? పేడపురుగు తెలివి, చెదల పొయ్యి, సూరయ్య పదును, కొండవాళ్ళ కంప. నాది కాస్త ఒళ్ళు వంచడమే. అది కూడా ఆలస్యంగా."

అని వెనక్కి తిరిగి, వానలో వంగి, వంతెన మొదటి పలకను అరచేత్తో తడిమాడు. పలకలో ఏడాదికో గీత చొప్పున ఆ చెట్టు బతికిన ఏళ్ళన్నీ కనిపిస్తున్నాయి. అన్నేళ్ళు పెరిగి, ఎవరినీ ఏమీ అడగకుండా వచ్చి తన మిల్లులో పడుకున్న చెట్టు అది.

"దండం తల్లీ," అన్నాడు. అన్నాక కూడా చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు.

నీతి: మిగిలినదాన్ని వాడుకోవడం తెలివి, వాడుకోవడం కోసం మంచిదాన్ని మిగులుగా మార్చడం నష్టం. మనకు మేలు చేసినవారి పట్ల నిజమైన కృతజ్ఞత, వాళ్ళిచ్చినదాన్ని వృథా చేయకుండా ఉండటమే.